చీటీ వేసి ఎంచిన గేరాయిల్

అడిగినవారికి జవాబు దయచేసేవాడు, సరిగ్గా అడగడం రానివాళ్ల మాటను కూడా విసుక్కోకుండా వినేవాడు అయిన దేవునికి ముందుగా స్తోత్రం. చక్రాలనూ, వాటిని తిప్పే పళ్లచక్రాలనూ, వాటి మీద నడిచే బండిలో కూర్చుని అంతా తమకే తెలుసనుకునే మనుషులనూ ఇంతకాలం కాపాడుకొస్తున్న ఆయన నామానికి ఘనత కలుగును గాక. ఈ మాట మొదటే చెప్పి పెట్టుకుంటున్నాను. ఇక రాయబోయేదంతా గేరాయిల్ గురించి గనక, మధ్యలో ఎక్కడైనా భక్తి జారిపోతే చదివేవారు మన్నించాలి.

ఆ రోజుల్లో, అంటే హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తూ, మనుషులు వాటి చుట్టూ చీమల్లా దారి వెతుక్కుంటున్న రోజుల్లో, నాకు తెలియని సంగతంటూ ఈ లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలు రెండు. ఒకటి, నేను సండే స్కూలు టీచర్ని. వాక్యంలో ఏ మాట ఏ అధ్యాయంలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. రెండు, ఉప్పల్‌లో ఒక ఆయిల్ డబ్బాల దుకాణంలో కౌంటరు ఉద్యోగం కొత్తగా దొరికింది. చేరి ఇంకా మొదటి వానాకాలం కూడా దాటలేదు, అప్పుడే సంఘంలో అందరూ నన్ను 'ఆయిల్ బ్రదర్' అనడం మొదలుపెట్టారు. పిల్లవాడికి తలకు రాసే కొబ్బరినూనె గురించి కూడా నన్ను అడిగినవాళ్లున్నారు (చెప్పాను కూడా). గేరాయిల్ డబ్బాల మీద దాని రకాన్ని చెప్పే నాలుగు, అయిదు అంకెల గురించి నా జ్ఞానమంతా ఒక్క వాక్యంలో ఇమిడిపోయేది: నాలుగు కంటే అయిదు పెద్దది, కాబట్టి మంచిది.

మా పెదనాన్నకు ఒక పాత ఇంగ్లీషు కారు ఉండేది. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి వీపు, రెండు పెద్ద దీపాల మధ్య నిట్టూరుస్తున్నట్టుండే మూతి. నాచారం పారిశ్రామికవాడలో ఫోర్‌మన్‌గా పనిచేసిన రోజుల్లో, మూతపడుతున్న ఒక ఫ్యాక్టరీ షెడ్డులోంచి దాన్ని విడిపించుకుని తెచ్చుకున్నాడట. ఆ తర్వాత కొన్నాళ్లకే పెళ్లి చేసుకుని, మా పెద్దమ్మను గుడి (చర్చిని మేం అలాగే అంటాం) మెట్ల దగ్గర నుంచి ఆ కారులోనే ఇంటికి తీసుకొచ్చాడు. పెద్దమ్మ దాన్ని 'సవతి' అనేది. "మీ పెద్దనాయనకు నేనొకదాన్ని, ఆ సవతి ఒకతి. నాకు జరమొస్తె గోలీ తెచ్చిస్తడు. దానికి జరమొస్తె ఉపాసముంటడు" అనేది. అందులో అతిశయోక్తి తక్కువ. కారు వెనక ఇరుసులోంచి ఎన్నో ఏళ్లుగా ఒక మూలుగు వచ్చేది. పంటినొప్పితో బాధపడే ముసలావిడ రాత్రంతా మూలిగినట్టు, ఒకే శ్రుతిలో. పెదనాన్న ప్రార్థనలో కుటుంబసభ్యుల పేర్లయ్యాక ఆ మూలుగు కూడా ఒక అంశంగా ఉండేది.

అక్క (పెదనాన్నకు ఒక్కతే కూతురు) పెళ్లి కుదిరింది. వరుడు కాప్రా వాడు, మంచి విశ్వాసి, కొత్తగా కొన్న పెద్ద తెల్ల బండి ఉంది. పెళ్లి ఉప్పల్‌లోని మా సంఘంలోనే. పెదనాన్న కోరిక ఒక్కటే. తల్లిని ఇంటికి తెచ్చిన కారులోనే కూతుర్ని గుడికి తీసుకెళ్లి, తన చేత్తో తలుపు తీసి దింపాలి. దానికోసం పెళ్లి భోజనంలో మటనుకు బదులు చికెనుకు ఒప్పుకున్నాడు, పెద్దమ్మ చుట్టాలందరినీ పిలవడానికి ఒప్పుకున్నాడు, వరుడి తరఫువాళ్లు పెట్టిన ప్రతి షరతుకూ తలూపాడు. కారు దగ్గర మాత్రం తల అడ్డంగా ఊపాడు. "నా బిడ్డ నా బండిలనే పోతది. గదొక్కటి ఇడిసిపెట్టున్రి" అన్నాడు.

అయితే సవతి కొన్నేళ్లుగా రేకుల షెడ్డులోంచి కదలలేదు. నాచారంలోని ఉస్తాద్ అనే మెకానిక్ వచ్చి ఇంజను బతికించాడు, బ్రేకులు సరిచేశాడు, చివరికి కింద దూరి గేరుబాక్సు బోల్టు ఒకటి, వెనక ఇరుసు బోల్టు ఒకటి విప్పాడు. నల్లగా, చిక్కగా, నీళ్లు కలిసిన తారులా పాత నూనె కారింది. వెనక ఇరుసులోంచి గ్లాసెడు కూడా రాలేదు. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, "గిప్పుడు ఏ నూనె పొయ్యాలె అన్నా? మీరు ఏది తెస్తె నేను గదే పోస్త. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. అతనికి ఇలాంటి కుటుంబాలతో అనుభవం ఎక్కువనుకుంటాను.

నేను గొంతు సవరించుకుని, "అయిదో నంబరు" అన్నాను. పెదనాన్న ఒప్పుకోలేదు. "పాత బండిరా ఇది. మెత్తటి నూనె పొయ్యాలె. నాలుగు చాలు" అన్నాడు. "పెద్దనాయనా, లోకమంత అయిదుకు పొయ్యింది" అన్నాను నేను. "లోకం పొయ్యే తోవ గురించి సండే స్కూల్ల నువ్వు పిల్లలకు ఏం చెప్తవురా?" అన్నాడు ఆయన. అంతలో వంటింటి కిటికీలోంచి అక్క గొంతు వినిపించింది. "డాడీ, ముందుకు నాలుగు, వెనకకు అయిదు. రెండు వేరు వేరు."

అక్క నాచారంలోనే ఒక ల్యాబులో పనిచేసేది. రోజంతా గాజు గొట్టాల్లో నూనెలు పోసి, కాచి, చల్లార్చి, వాటిలో ఏముందో చెప్పడమే ఆమె పని. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవ్వరం ఆ మాట పట్టించుకోలేదు. ఎందుకంటే ఆమె అప్పుడు నూనెల పరీక్షలు చేసే మనిషి కాదు, పెళ్లికూతురు. "పెండ్లిపిల్ల గ్రీజు ముచ్చట్లు మాట్లాడుతదానే? చేతులకు పసుపున్నది, లోపలికి నడువు" అని పెద్దమ్మ కిటికీ రెక్క మూసేసింది. మూసిన రెక్క వెనక నుంచి కూడా అక్క అరిచింది. "గేర్ల లోపల ఇత్తడి రింగులుంటయి డాడీ. అయిదుల గంధకం మందు ఎక్కువుంటది. ఇత్తడికి పడదు!" పెదనాన్న ముఖం చిన్నబోయింది. నాతో మెల్లగా, "సూసినవా? మొగని తెల్ల బండిల పోదామని సాకులు సెప్తున్నది" అన్నాడు. ఆ మాటతో అక్క వాదన అక్కడికక్కడే కొట్టివేయబడింది.

ఇక్కడ మా సంఘం ఆచారం ఒకటి చెప్పాలి. పెద్దలకు ఏకాభిప్రాయం కుదరని ప్రతి సంగతికీ మోకాళ్ల మీద ప్రార్థన చేసి, చీటీ వేసేవారు. తొలినాటి శిష్యులంతటివారే వేశారు, మనమెంత అనేది వాదన. గుడి గోడలకు పిస్తా రంగు అలా వచ్చిందే. క్రిస్మస్ భోజనంలో పులిహోర అలా వచ్చిందే (ఆ సంవత్సరం యువజనులు మౌనంగా తిన్నారు). చీటీ పడ్డాక ఇక ఆ విషయం మళ్లీ మాట్లాడటం అవిశ్వాసం కింద లెక్క. పెదనాన్నకూ నాకూ నూనె దగ్గర తెగలేదు గనక, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ సంగతి సంఘం ముందు పెట్టాం. ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఆ రోజు అక్కడ ఒక్కరు కూడా నవ్వలేదు.

చర్చ మాత్రం బాగా జరిగింది. నేను లేచి, బైబిల్లో ఆకలిగా ఉన్న అంత జనానికి సరిపోయినవి అయిదు రొట్టెలే కదా, రాక్షసుడి మీదికి వెళ్లే కుర్రవాడు వాగులోంచి ఏరుకున్నవి అయిదు రాళ్లే కదా అని గుర్తు చేశాను. పెదనాన్న కూర్చున్నచోటు నుంచే, "సువార్తలు నాలుగు" అన్నాడు.  నేను ఇంకో అయిదు కోసం బైబిలు తిరగెయ్యడం మొదలుపెట్టాను. పాస్టరుగారు (గుంటూరు వైపు నుంచి వచ్చినవారు, నెమ్మదస్తులు) కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అంకెలతో తేలేలా లేదండీ. ఆయననే అడుగుదాం" అన్నారు. అందరం మోకరించాం. "ప్రభువా, నీ దాసుడి వాహనానికి తగిన నూనె ఏదో నీవే చూపించు" అని ఆయన ప్రార్థించారు. కానుకల సంచిలో రెండు చీటీలు వేశారు, ఒకదానిలో నాలుగు, ఒకదానిలో అయిదు. మా సంఘంలో అందరికంటే పెద్ద వయసున్న అమ్మమ్మ చెయ్యి పెట్టి ఒకటి తీసింది. కంటికి ఆనక నా చేతికిచ్చి, "ఏముందిరా కొడుకా?" అంది.

"అయిదు" అన్నాను. గొంతులో వినయం నిలపడానికి చాలా కష్టపడ్డాను. పెదనాన్న తల వంచి, "ఆమేన్" అన్నాడు. ఆ 'ఆమేన్'ను నేను ఈ రోజుకీ గౌరవిస్తాను. తన మాట ఓడిపోయినా, లోపల ఏ మెలికా లేకుండా పలికిన మాట అది.

మర్నాడు అయిదో నంబరు డబ్బాలు నేనే మోసుకెళ్లాను. మూత తియ్యగానే ఉస్తాద్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గేరాయిల్ వాసన తెలిసినవాళ్లకు తెలుసు, కుళ్లిన వెల్లుల్లిని కాల్చినట్టుంటుంది. అది గంధకం వాసన. లేఖనాల్లో గంధకం ఎక్కడ కనిపించినా దాని తర్వాత ఎవరికీ మంచి జరగలేదని పిల్లలకు బోధించినవాణ్ని నేనే. అయినా ఆ రోజు ఆ వాసన నా ముక్కుకు విజయధూపంలా తగిలింది. గేరుబాక్సుకూ ఇరుసుకూ పక్కన ఉండే రంధ్రాల్లోంచి నూనె తిరిగి ఒలికేదాకా ఉస్తాద్ నింపాడు. ముందు గేరుబాక్సులో అయిదు, వెనక ఇరుసులో అయిదు. పెదనాన్న కారు మూతి మీద చెయ్యి పెట్టి స్తోత్రం చెల్లించాడు. ఉస్తాద్ కూడా టోపీ సర్దుకుని తన పద్ధతిలో ఏదో అనుకున్నాడు.

తరువాత నేను స్టీరింగు పట్టి సందులోకి తీశాను. మొదటి గేరు పడింది. రెండో గేరు వేయబోతే, రోకలితో ఇనుప గిన్నెలు దంచుతున్న చప్పుడొచ్చింది. ఎదురింటావిడ తలుపు తీసి చూసి మళ్లీ వేసుకుంది. ఇప్పుడైతే కారణం చెప్పగలను. గేరు మారేటప్పుడు లోపల రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటాయి. వాటి మధ్య ఒక ఇత్తడి రింగు మధ్యవర్తిలా దూరి, ఒకదాన్ని పట్టి ఆపి, ఇంకోదాన్ని బుజ్జగించి, రెండింటినీ ఒక వేగానికి తెస్తుంది. మధ్యవర్తికి కాస్త పట్టు ఉండాలి. మరీ జారుడు నూనె పోస్తే పట్టు దొరక్క ఇద్దరూ కొట్టుకుంటారు. పైగా ఆ గంధకం మందు ఏళ్ల తరబడి ఇత్తడిని కొరుక్కుతింటుంది కూడా. ఇదంతా అప్పుడు నాకు తెలియదు గనక, "కొత్త నూనె గద పెద్దనాయనా, జర తిరిగితె సర్దుకుంటది" అన్నాను.

ఉస్తాద్, "గేరుబాక్సు నూనె తీసేసి ఆ నాలుగు పోసి సూద్దమా అన్నా? ఎంతసేపు పని?" అన్నాడు. పెదనాన్న ఒప్పుకోలేదు. "సంఘమంత మోకాళ్ల మీద ఉండి అడిగినం ఉస్తాద్. చెప్పినంక మార్చుడేంది? గట్లయితె అడుగుడెందుకు?" అన్నాడు. ఉస్తాద్‌కు ఆ తర్కంలో తప్పు దొరకలేదు. నాకైతే వెతకాలనే అనిపించలేదు. వరుడు, అంటే కాబోయే బావ, ఫోను చేసి, "మామా, ఎందుకైన మంచిది, మా బండి పంపియ్యమంటరా?" అని అడిగితే, పెదనాన్న "అక్కెర లేదు అల్లుడూ" అని పెట్టేసి, చాలాసేపు షెడ్డులోనే కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రం అక్క షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఏదో చెప్పబోయి, తండ్రి ముఖం చూసి వెనక్కి తిరిగింది. పోతూ పోతూ నా చెవిలో మాత్రం, "తమ్మీ, డబ్బా మీద ముందున్న అంకె సదివినవు. వెనక సదివినవా?" అంది. లేదన్నాను. "మరి పిల్లలకు వాక్యం మొత్తం సదవాలె అని సెప్తవు?" అని వెళ్లిపోయింది.

పెళ్లి ఆ పై శనివారం. పెదనాన్నకు మోకాలి నొప్పి వల్ల క్లచ్ తొక్కడం కుదరదు గనక, నూనె ఎంచినవాడిగా నడిపే గౌరవం నాకే దక్కింది. ఆయన కొత్త సూటులో నా పక్కన, వెనక సీట్లో తెల్ల పట్టుచీర, తలమీద మేలిముసుగు, చేతిలో పూలగుత్తితో అక్క, ఆమె పక్కన పెద్దమ్మ. సవతికి తెల్ల రిబ్బను కట్టాం. నాచారం నుంచి హబ్సిగూడ దాకా రోడ్డు ఖాళీగా ఉండటంతో మొదటి గేరులోనే ఏడిపించుకుంటూ తీసుకొచ్చాను. సైకిలు మీద పోయే పాలవాడు మమ్మల్ని దాటి, మళ్లీ తిరిగి చూసి నమస్కారం పెట్టాడు (పెళ్లికో, కారుకో తెలియదు). మలుపు తిరిగి ఉప్పల్ రోడ్డెక్కాక అసలు కథ మొదలైంది. మెట్రో గుంతల పక్కన ఒక్క బండి పట్టేంత దారి. ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. కదిలిన ప్రతిసారీ నేను రెండో గేరు కోసం ప్రయత్నించడం, అది కాస్తా పళ్లు కొరకడం. వెనకున్న బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఓ అన్నా, గది కారా, కారం గిర్నీయా?" అని అరిచాడు. పక్కన ఆటో అతను ఇంకా మర్యాదస్తుడు. "బ్యాండు మేళం గేరుబాక్సుల పెట్టిన్రా ఏంది? మస్తున్నది!" అన్నాడు. నేను ఇంకా బలంగా కర్ర లాగాను. కారు ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది.

హారన్లు మొదలయ్యాయి. పెద్దమ్మ, "నేను సెప్పలే? సవతి ఎన్నడన్న మేలు చేస్తదా?" అంది. సరిగ్గా అప్పుడే ఎదురు దారిలో తెల్ల బండి కనిపించింది. బావ మనసు ఆగక స్నేహితుడితో పంపించాడు. ఆ స్నేహితుడు దిగి, రోడ్డు దాటి వచ్చి, చాలా మర్యాదగా, "అంకుల్, అందరు ఎదురు సూస్తున్నరు. వదినను ఇటు పంపియ్యరా?" అన్నాడు. పెదనాన్న కాసేపు ముందున్న అద్దంలోంచి స్తంభాల వైపు చూశాడు. కోటు గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. తరువాత వెనక్కి తిరగకుండానే, "పో బిడ్డా, దాంట్ల పో. నేను ఎనక వస్త" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయన దగ్గర ఉందని నాకు అంతవరకూ తెలియదు.

అక్క పూలగుత్తిని ముందు సీటు మీదుగా తండ్రి ఒళ్లో పడేసింది. "నేనేడికి పోను. తమ్మీ, దిగు" అంది. నేను అర్థం కాక చూస్తుంటే, "దిగురా, జర్ర! ఇంకెంతసేపు నూరుతవు దాన్ని?" అంటూ ఎత్తు మడమల చెప్పులు విప్పి పెద్దమ్మ చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి దోపుకుని, ముసుగు వెనక్కి విసిరి, వచ్చి స్టీరింగు ముందు కూర్చుని ఇంజను మళ్లీ లేపింది. ఆదివారాలు గుడి అయ్యాక, ఖాళీగా ఉండే నాచారం ఫ్యాక్టరీ రోడ్ల మీద ఈ కారు మీదే తండ్రి ఆమెకు డ్రైవింగు నేర్పాడు. ఆ సంగతి ఆ వారమంతా ఆయనకూ గుర్తు రాలేదు, మాకూ గుర్తు రాలేదు. పెద్దమ్మ, "అయ్యో, పెండ్లిపిల్లవే!" అంటుంటే, "పెండ్లిపిల్లకు కాళ్లుండవా అమ్మా?" అంది.

తరువాత చూసింది నేను ఎప్పటికీ మరచిపోను. (వెనక సీట్లో పెద్దమ్మ పక్కన, ఆవిడ నా చేతికిచ్చిన అక్క చెప్పులు పట్టుకుని కూర్చున్నాను.) అక్క క్లచ్ తొక్కి గేరు తీసేది, కాలు ఎత్తేది, యాక్సిలరేటరు చిన్నగా ఒక్కసారి తాకేది, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేసేది. మధ్యవర్తి చెయ్యలేని పని ఆమె కాలితో చేసింది. రెండు చక్రాల వేగమూ తనే కలిపింది. రెండో గేరు వెన్నలోకి చెంచా దిగినట్టు దిగింది. మూడోదీ అంతే. ఆటో అతను చప్పట్లు కొట్టాడు. బస్సు డ్రైవరు దారిచ్చాడు. తెల్ల బండి మా వెనకే బుద్ధిగా నడిచింది.

కొంత దూరం పోయాక పెదనాన్న తల పక్కకు వంచి ఏదో వింటున్నట్టు కనిపించాడు. "ఏందమ్మా, ఎనక సప్పుడు లేదు?" అన్నాడు. నిజమే. ఎన్నో ఏళ్లుగా ప్రార్థన అంశంగా ఉన్న ఆ మూలుగు పూర్తిగా ఆగిపోయింది. ముందర యుద్ధం జరుగుతుంటే వెనక శాంతి వచ్చిన సంగతి మేమెవరమూ గమనించలేదు. అక్క రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంది. "అయిదు మంచిదే డాడీ. వెనకకు. ఎనక ఇరుసుల పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంట తిరుగుతయి, దానికి గసొంటి గట్టి మందే కావాలె. ముందుకు మెత్తటిది కావాలె. మీరన్నది నిజమే, తమ్ముడన్నది నిజమే, చీటీల వచ్చింది గూడ నిజమే. కని మీరు బండి మొత్తానికి ఒక్కటే అడిగిన్రు."

పెదనాన్న పూలగుత్తిని రెండు చేతుల్తో పట్టుకుని, పెళ్లికూతురిలా బుద్ధిగా కూర్చున్నాడు. ఉప్పల్ దగ్గరపడుతుండగా, "శరీరం ఒక్కటే గని అవయవాలు వేరే వేరే" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "సదివినం గద, ఎన్నిసార్లు సదివినం" అని మళ్లీ అన్నాడు. ఆ తర్వాత ఆయన భుజాలు కదలడం చూసి, ఏడుస్తున్నాడేమో అని పెద్దమ్మ ముందుకు వంగింది. నవ్వుతున్నాడు.

గుడి ముందు సంఘమంతా నిలబడి ఉంది. బావ మెట్ల మీద, మెడలో టై బిగుసుకుని, ముఖం పాలిపోయి ఉన్నాడు. సవతి ఒక్క చప్పుడు కూడా చెయ్యకుండా వచ్చి మెట్ల ముందు ఆగింది. అక్క ఇంజను ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. పెదనాన్నకు అర్థమైంది. ఆయన దిగి, పూలగుత్తి చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ కారు ముందు నుంచి చుట్టు తిరిగి వచ్చి, డ్రైవరు వైపు తలుపు తన చేత్తో తీశాడు. అక్క దిగింది. కుచ్చిళ్ల అంచుకు పెడలు నలుపు అంటుకుని ఉంది. పాస్టరుగారు ముందుకొచ్చి చూసి, కళ్లద్దాలు సర్దుకుని, "తండ్రి పెళ్లికూతుర్ని తీసుకురావడం చాలా చూశానండీ. పెళ్లికూతురు తండ్రిని తీసుకురావడం ఇదే మొదలు" అన్నారు. నవ్వులన్నీ ఆగాక బావ మెల్లగా అడిగాడట, "మన బండి గూడ నువ్వే నడుపుతవా?" అని. "నూనె ఎవరు పోసిన్రో సూసి నడుపుత" అందట అక్క.

మరుసటి వారం ఉస్తాద్ గేరుబాక్సు ఖాళీ చేసి నాలుగు పోశాడు, వెనక ఇరుసును ముట్టుకోలేదు. వచ్చిన శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పెదనాన్న లేచి, చీటీ వేసే ఆచారాన్ని తీసెయ్యమని కాదు గానీ, "ఇగ నుంచి చీటీ వేసే ముందు మనం ఏం అడుగుతున్నమో ఒకరు బయటికి సదవాలె, ఇంకొకరు సరిగ్గ ఉన్నదా లేదా సూడాలె" అని ప్రతిపాదించాడు. సంఘం ఒప్పుకుంది. ఆ చూడవలసిన పని అక్కకు అప్పజెప్పారు. దాని వల్ల తర్వాతి సంవత్సరం క్రిస్మస్‌కు బిర్యానీ వచ్చింది.

ఇప్పుడు నాకు నాచారంలో సొంతంగా చిన్న ఆయిల్ దుకాణం ఉంది. పాత కార్లను ప్రేమించేవాళ్లు అప్పుడప్పుడు వస్తుంటారు. వాళ్లను నేను మొదట అడిగేది, "ముందుకా, వెనకకా?" అని. గేర్ల లోపల ఇత్తడి ఉందా, ఇరుసు ఏ రకంది, తయారుచేసినవాళ్లు అప్పట్లో ఏం పొయ్యమన్నారు అని అడుగుతాను. ఆ కాలపు కొన్ని కార్ల గేరుబాక్సుల్లో ఇంజను నూనే పొయ్యమన్నారు. ఇంకా పాతవాటిలో, కంచు చక్రం ఉన్న ఇరుసులకు, ఆముదం వాడిన రోజులున్నాయి. తెలియనప్పుడు తెలియదనే చెబుతాను, అక్కకు ఫోను చేస్తాను. పెదనాన్న ప్రభువు సన్నిధికి చేరాడు. సవతి కాప్రాలో అక్క ఇంటి ముందు ఉంది, ఆదివారాలు ఆమెతో గుడికి వస్తుంది, మూలగదు. నాలుగు కంటే అయిదు పెద్దదన్న ఒక్క వాక్యంతో లోకాన్నంతా నడిపించగలననుకున్న ఆ కౌంటరు కుర్రాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. వాడి మీద నాకు కోపం రాదు. వాడికి ఉన్నంత నిశ్చయం ఇప్పుడు నాకు దేని మీదా లేదు, ఒక్క దేవుని మీద తప్ప. వాడిని చూసి నవ్వుకుంటాను. నవ్వు అయిపోయాక, ఎందుకో కాసేపు డబ్బాల వెనక వైపు అక్షరాలు చదువుతూ కూర్చుంటాను.

ఇంత దాకా ఓపికగా చదివారు గనక, ఉన్నచోటనే ఒక్క నిమిషం నాతో తల వంచండి. దేవా, మా ముందున్నదానికి ఏది కావాలో, మా వెనకున్నదానికి ఏది కావాలో నీకు తెలుసు. రెండింటికీ ఒక్కటే చాలునని మేము నీ దగ్గరికి వచ్చిన రోజున, జవాబు ఇచ్చే ముందు, కిటికీ రెక్క వెనక నుంచి అరుస్తున్న మనిషి మాట మాకు వినబడనియ్యి. మీరు కూడా అనండి, ఆమేన్.